పువ్వు ఒకరిది, అతుకు ఒకరిది

ముందే చెప్పేస్తున్నాను, నేను గోదావరి అందాలు చూడ్డానికి పోలేదు. పాపికొండలు చూడలేదు, లాంచీ ఎక్కలేదు, అన్నవరం ప్రసాదం కూడా తేలేదు. తిరిగొచ్చి పది రోజులైంది. ఎదురింటావిడ "ఎట్లుంది మేడం గోదావరి?" అని అడిగితే "నీళ్ళు మస్తుగున్నయి" అని చెప్పి తలుపేసుకున్నాను. అసలు సంగతి గుమ్మంలో నిలబడి చెప్పేది కాదు. అందుకే ఇలా రాస్తున్నాను.

నాది కరీంనగర్. జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పి రెండేళ్ళ కింద రిటైరయ్యాను. 'దేశ ఆర్థిక వ్యవస్థలో చేతివృత్తుల పాత్ర' అని ఒక పాఠం ఉండేది. ఐదు మార్కుల ప్రశ్న. ఉపాధి, ఎగుమతులు, విదేశీ మారకం అని మూడు పాయింట్లు రాస్తే కళ్ళు మూసుకుని నాలుగు వేసేదాన్ని. ఎగుమతుల కింద ఉదాహరణగా నరసాపురం లేసు అని రాయించేదాన్ని. ఆ లేసు తెల్లగా ఉంటుందో నల్లగా ఉంటుందో నాకే తెలియదు. రిటైరయ్యాక అది గుర్తొచ్చి సిగ్గేసింది. మా ఆయనకి చెప్పి, నాలుగు చీరలు బ్యాగులో కుక్కుకుని రైలెక్కాను.

రాజమండ్రి: అండీల ఊరు

దిగీ దిగగానే ఒక తప్పు చేశాను. ఆటో ఆయన్ని, "మెయిన్ రోడ్డుకి వస్తవా?" అని అడిగాను. మా దిక్కు అది మామూలు మాట. నా వయసువాళ్ళు ఎవరినైనా నువ్వు అంటారు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆయన నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూసి, "వస్తానండి. కూర్చోండి. బ్యాగిలా ఇవ్వండి" అని ప్రతి అండీని నొక్కి నొక్కి పలికాడు. దారంతా మళ్ళీ మాట్లాడలేదు. నేను దిగేటప్పుడు "వస్తానండి" అంటే అప్పుడు నవ్వాడు. ఆ తర్వాత ఆ నాలుగు రోజులూ కనపడ్డవాళ్ళందరికీ అండి తగిలించాను. ఒకసారి అడ్డొచ్చిన కుక్కని కూడా "జరగండి" అన్నాను.

ముప్ఫై రూపాయల రోజ్ మిల్క్ తాగి లేసు కొట్టు వెతుక్కుంటూ పోయాను. కొట్టు మూర్తి గారిది. మూడు తరాల వ్యాపారం, నుదుట బొట్టు, ముందు కాఫీ తెప్పించాకే బేరం. ఆయన అద్దాల బీరువాలోంచి ఒక టేబుల్ క్లాత్ తీసి గాజు బల్ల మీద పరిచాడు. అన్నీ తెల్లటి పువ్వులు, ఒక్కొక్కటి రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దది. వాటి మధ్య సాలెగూడులాంటి అల్లిక. ఎత్తి చూస్తే గాలికి ఊగుతోంది.

"ఎంతండి?"

"నాలుగు వేల ఎనిమిది వందలండి. ఇదే ముక్క బయటి దేశాల్లో అయితే మనం అనుకోలేం."

"మిషన్ మీద చేస్తారా?"

మూర్తి గారు నొచ్చుకున్నాడు. "మిషన్ మీద ఇది రాదండి. కొక్కెం ఉన్న సూది ఒకటి, దారం ఉండ ఒకటి, అంతే. మిగతాదంతా చెయ్యి. ఇక్కణ్ణుంచి పెట్టెలు పెట్టెలు ఓడలెక్కుతాయి."

"ఎవరు అల్లుతారు?"

"పల్లెటూళ్ళ ఆడవాళ్ళండి. ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు అల్లుకుంటూ ఉంటారు."

ఆ ఖాళీగా అన్న మాట నాకు అక్కడే గుచ్చుకుంది. ఓడలెక్కే సరుకుని ఖాళీగా ఉన్నప్పుడు అల్లుతారా? అట్లాంటి ఖాళీ ఎవరికుందో చూపించమన్నాను. ఆయన నవ్వి ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడి, ఒక చీటీ రాసిచ్చాడు. మొగల్తూరు దగ్గర ఒక పల్లె, శాంతమ్మ గారు అని. ఆ టేబుల్ క్లాత్ ఫోటో తీసుకుంటానంటే "తీసుకోండి తీసుకోండి, ఫోటోకేముంది" అన్నాడు.

పాలకొల్లు మీదుగా

మర్నాడు బస్సు. పాలకొల్లులో దిగి దిబ్బరొట్టె తిన్నాను. మా సర్వపిండి కూడా గిన్నెలోనే కాలుస్తాం కాబట్టి అట్లాంటిదే అనుకున్నాను. కాదు. ఇది బెత్తెడు మందం, పైన కరకర, లోపల దూది. పక్కన చెరకు పానకం పోశారు. రొట్టెకి తీపేంటి అని ముఖం చిట్లించి, చివరికి పానకం రెండోసారి పోయించుకున్నాను. సప్లయర్ "మరేటనుకున్నారండి" అన్నాడు.

నరసాపురం దాటాక ఒక స్టాపు ముందే దిగేశాను. అటూ ఇటూ రొయ్యల చెరువులు, నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు, మధ్యలో బురద బాట. కుడి చెప్పు బురదలో ఇరుక్కుని వారు తెగింది. ఎకనామిక్స్ మేడం ఒక చెప్పు కాలికి వేసుకుని, ఇంకోటి చేతిలో పట్టుకుని శాంతమ్మ గారి ఇల్లు చేరింది.

శాంతమ్మ గారి అరుగు

అరుగు మీద ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. శాంతమ్మ గారికి యాభై అయిదు దాటి ఉంటాయి, సన్నటి మనిషి. ఆమె పక్కన బొద్దుగా ఉన్నావిడ దీనమణి, గోడవతల ఇల్లు. ఇద్దరూ ఒకే చర్చికి పోతారు. ఆ చర్చికి పూర్వం వచ్చిన తెల్ల దొరసానులే వీళ్ళ అమ్మమ్మలకి ఈ పని నేర్పారట. ఇద్దరి చేతులూ ఆడుతూనే ఉన్నాయి, నా తెగిన చెప్పుని చూసి నవ్వుతున్నప్పుడు కూడా.

శాంతమ్మ గారి భర్త సత్యానందం గారు మంచి నీళ్ళిచ్చి, కుర్చీ వేసి, పక్కన నిలబడ్డాడు. ఆయన రొయ్యల చెరువు కాపలా మానేసి చాలా కాలమైందట, మోకాళ్ళ నొప్పులు.

"మీరు ఏం పని చేస్తుంటారండి?" అని నేనే మొదలుపెట్టాను, శాంతమ్మ గారిని చూసి.

"ఏం చెయ్యనండి. ఇంట్లోనే ఉంటాను" అంది. అంటూనే వేళ్ళ మధ్య ఒక పువ్వు పూర్తి చేసి, దారం తుంచి, ఒళ్ళో పళ్ళెంలో వేసింది.

సత్యానందం గారు అందుకున్నాడు. "మా ఇంట్లో ఆడవాళ్ళు పనికి వెళ్ళరండి. ఆయ్. ఆ అలవాటు లేదు."

నాకు ఒళ్ళు మండింది. నాకు కోపం తొందరగా వస్తుందని మా కాలేజీలో అటెండర్ దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. మా అమ్మ బీడీలు చుట్టి నన్ను చదివించింది. చాటలో తంబాకు పోసుకుని గడప మీద కూర్చునేది, ఆమె కూడా ఇల్లు దాటేది కాదు. కానీ మా అమ్మని ఎవరైనా ఏం పని చేస్తవమ్మా అంటే, బీడీలు చేస్త అనేది. ఆమెకి బీడీ కార్డుండేది, పీఎఫ్ ఉండేది. ఇక్కడ పళ్ళెం నిండా ఎగుమతి సరుకు పెట్టుకుని ఈమె ఏం చెయ్యనంటోంది.

"ఈ ఇంట్లో బియ్యం ఎవరి చేతుల మీద వస్తున్నాయండి?" అని అడిగేశాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. సత్యానందం గారు నేల చూపులు చూశాడు. "ఆవిడ చేతుల మీదేనండి" అని మెల్లగా అని, టీ తెస్తానని లోపలికి వెళ్ళాడు.

అప్పుడు దీనమణి చెప్పింది. చేతిపనివాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డుల కోసం మొన్నటిసారి పెట్టిన క్యాంపులో శాంతమ్మ గారి ఫారం తిరిగొచ్చేసిందట. వృత్తి అన్న చోట గృహిణి అని రాయించారు, సత్యానందం గారి పరువు కోసం. ఆ కార్డుంటే హైదరాబాదులాంటి చోట ఎగ్జిబిషన్‌లో తనే స్టాలు పెట్టుకుని అమ్ముకోవచ్చు. లేకపోతే జీవితాంతం ఏజెంటు తెచ్చిన దారం, ఏజెంటు చెప్పిన రేటు. ఎల్లుండే మళ్ళీ క్యాంపు, నరసాపురంలో. "దీనికి కళ్ళు మసకలొస్తున్నాయండి. ఈసారి రాకపోతే ఇంక రాదు" అంది దీనమణి. శాంతమ్మ గారు తల వంచుకునే ఉంది కానీ, "ఒక్కసారి నా చేత్తో నేను అమ్మాలనుందండి" అని గొణిగింది.

ఫోటో

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్ళాను, కొత్త చెప్పులు, నూట ఎనభై రూపాయలవి. మాటల్లో రాజమండ్రి టేబుల్ క్లాత్ సంగతి చెప్పాను. ఇద్దరి చేతులూ ఆగిపోయాయి.

"మొత్తం పరిచారా అండి? ఎలా ఉంది?" అంది శాంతమ్మ గారు.

నాకు అర్థం కాలేదు. "మీరు చూడలేదా?"

చూడలేదు. నమ్ముతారా, నలభై ఏళ్ళ నుంచి అల్లుతోంది, ఒక్క టేబుల్ క్లాత్ కూడా పరిచి చూడలేదు. శాంతమ్మ గారు పువ్వులు మాత్రమే వేస్తుంది. దీనమణి ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలిపే అతుకు పని మాత్రమే చేస్తుంది. అంచు అల్లేవాళ్ళు వేరే వీధిలో ఉన్నారు. అంతా కలిసి ఒక గుడ్డ అయ్యేసరికి అది ఏజెంటు సంచీలో ఉంటుంది.

ఫోన్ ఇచ్చాను. తలలు రెండూ ఫోన్ మీదకి వంగాయి. ఫోటో పెద్దది చేసుకుని వేలితో జరుపుతూ, "ఇదిగో, ఇది నాదే. రెక్క చివర కొంచెం లోపలికి లాగుతాను నేను" అంది శాంతమ్మ గారు. "ఇదిగో నా అతుకు" అంది దీనమణి. "ఇది మాత్రం నాది కాదు, ఎవరో తొందరపడ్డారు." తమ చేతి పనిని ఫోన్‌లో వెతుక్కుంటున్న ఆ ఇద్దరినీ చూస్తే నాకు ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ళు నేను ఐదు మార్కులకి అమ్మింది వీళ్ళని.

కాసేపటికి దీనమణి బిందె తీసుకుని కుళాయికి వెళ్ళింది. శాంతమ్మ గారు మాట్లాడుతూ మాట్లాడుతూ ఒళ్ళోని రెండు పువ్వులు తీసి, వాటిని కలిపేసింది. చకచకా నాలుగు కుట్లు. వెంటనే ఉలిక్కిపడి వీధి వైపు చూసి, దారం లాగి విప్పేసింది.

"మీకు అతుకు కూడా వచ్చా?" అన్నాను.

"అమ్మ అంతా నేర్పిందండి. అంచుతో సహా. దీనమణికి చెప్పకండి."

"ఎందుకు చెప్పకూడదు? రేపు ఆఫీసరు ముందు మొత్తం చేసి చూపించండి, కార్డు వచ్చి తీరుతుంది."

"అది ఆవిడ పనండి." గొంతు తగ్గించింది. "మా వీధిలో ఒకరి పని ఇంకొకరు చెయ్యం. వచ్చినా చెయ్యం. అన్నీ వచ్చిన మనిషి ఉందని తెలిస్తే ఏజెంటు పనంతా ఆ మనిషికే ఇచ్చేస్తాడు. మిగతావాళ్ళేం తినాలి? మా అమ్మ రోజుల్లోనే అందరూ కలిసి అలా అనుకున్నారు."

ఇక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ టీచర్ని కదా. హక్కు అన్నాను, గుర్తింపు అన్నాను, దేశం మిమ్మల్ని లెక్కలోకి తీసుకోవాలన్నాను, మా అమ్మ బీడీ కార్డు సంగతి చెప్పాను. "మీకొచ్చిన పని దాచుకోవడం మీకు మీరు చేసుకునే అన్యాయం" అని కూడా అన్నాను. శాంతమ్మ గారు పళ్ళెంలోని పువ్వుల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. బిందెతో దీనమణి వస్తుంటే మాట మార్చేసింది.

నరసాపురం: క్యాంపు

క్యాంపు ఒక కళ్యాణ మండపంలో పెట్టారు. ఫ్యాన్ల కింద వరసగా ఆడవాళ్ళు. టేబుల్ వెనక కుర్రాడు, ముప్ఫై లోపే, నెమ్మదస్తుడు, అందరినీ గారూ అంటున్నాడు. నాతో నిజం చెప్పేశాడు. "నేను చదివింది మెకానికల్ అండి. లేసు గురించి నాకు తెలీదు. ఫారంలో ఏముందో అదే చూస్తాను."

ఫారంలో ఏముందంటే, అభ్యర్థి స్వయంగా ఒక పూర్తి వస్తువు తయారు చేసి చూపాలి అని ఉంది.

నాకు దిమ్మ తిరిగింది. ఈ ఊళ్ళల్లో పూర్తి వస్తువు చేసే మనిషి ఎక్కడుంది? ముందు కూర్చున్న నలుగురు పువ్వులు వేసి చూపించారు. "ఇది బాగుందండి, కానీ పూర్తి వస్తువు కాదు కదా" అని ఆ అబ్బాయి నలుగురినీ బాధగానే పంపేశాడు. నేను లేచి, "బాబూ, మోటార్ సైకిల్ని ఒక్కడే తయారు చేస్తాడా? బోల్టు బిగించేవాణ్ణి కార్మికుడు కాదంటారా?" అని వాదించాను. ఆ అబ్బాయి నా మాట పూర్తిగా విన్నాడు. "మీరు చెప్పింది కరెక్టే మేడం గారూ. ఆ గడి ఫారంలో లేదు" అన్నాడు.

తర్వాత పిలుపు శాంతమ్మ గారికి. దీనమణి ఆమె వెనకే, వరసలో తర్వాతి మనిషి.

శాంతమ్మ గారు కూర్చుంది. ఒక పువ్వు వేసింది. రెండోది వేసింది. నాలుగు పువ్వులయ్యాక సూది ఆపి నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను తల ఊపాను. నేనే ఊపాను. ఆమె పువ్వులు దగ్గరకి తీసుకుని అతకడం మొదలుపెట్టింది.

నేను దీనమణి ముఖం చూశాను. మొదట ఏం జరుగుతోందో ఆమెకి తెలియలేదు. తర్వాత తెలిసింది. నోరు కొంచెం తెరుచుకుంది. పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అతుకు అయ్యింది, చుట్టూ సన్నటి అంచు కూడా అయ్యింది. టీ కప్పు కింద వేసుకునేంత గుడ్డ. గంటన్నర పట్టింది.

ఆ అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పువ్వులు బాగున్నాయని అతనికీ తెలుస్తోంది, మిగతాది తెలియడం లేదు. వెనక ఉన్న దీనమణిని అడిగాడు. "మీరు అతుకు పనిలో సీనియర్ అని రాశారు. కొంచెం చూసి చెప్పండమ్మా. గట్టిగా ఉందా?"

దీనమణి గుడ్డ తీసుకుంది. వెలుతురులో పెట్టి చూసింది. వెనక్కి తిప్పి, బొటనవేలితో ప్రతి అతుకునీ నొక్కింది. శాంతమ్మ గారు తల ఎత్తలేదు.

"బాగుందండి" అంది దీనమణి.

ఆ అబ్బాయి సంతకం పెట్టి, ఫోటో తీసుకుని, గుడ్డ శాంతమ్మ గారికి తిరిగి ఇచ్చేశాడు. "కార్డు పోస్టులో వస్తుందండి. ఇప్పుడు మీరు చేస్తారామ్మా?" అని దీనమణికి దారం ఉండ చూపించాడు.

"నాకు పువ్వు రాదండి" అని ఆమె లేచి వచ్చేసింది.

బస్టాండు

ముగ్గురం బస్టాండులో కూర్చున్నాం. రాజమండ్రి బస్సుకి ఇంకా టైముంది. నేను మూడు సోడాలు కొన్నాను, ఎవరం తాగలేదు. శాంతమ్మ గారు ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. కార్డు వస్తున్నందుకు కాదని నాకూ తెలుసు.

దీనమణి చెయ్యి చాపింది. "ఇటివ్వు."

శాంతమ్మ గారు గుడ్డ ఇచ్చింది. దీనమణి గోరుతో వెతికి ఒక దారం కొస పట్టుకుని, ఒక్కసారి లాగింది. సర్రున అంచుతో సహా అతుకంతా ఊడిపోయింది. నాలుగు పువ్వులూ విడివిడిగా ఆమె ఒళ్ళో పడ్డాయి. నేను నోరెళ్ళబెట్టాను.

"రెండు ఉతుకులకి ఇంతే. చివర్న బిగింపు లేదు" అంది.

"మరి అక్కడ బాగుందని ఎందుకు చెప్పారండి? మీ పని తీసుకుంది కదా ఆవిడ" అన్నాను. ఎందుకడిగానో, నోరు ఊరుకోదు నాకు.

దీనమణి నన్ను కోపంగా చూడలేదు, అదే నాకు ఇంకా కష్టమనిపించింది. "మీరు సాయంత్రం బస్సెక్కి వెళ్ళిపోతారు మేడం గారూ. మేం పొద్దున్నే ఒకే అరుగు మీద కూర్చోవాలి."

తర్వాత శాంతమ్మ గారి వైపు తిరిగింది. "ఏడ్చింది చాలు, సూది తియ్యి. నీకు అన్నీ వచ్చని ఆఫీసులో రాసేసుకున్నారు. రేపు ఆ ఎగ్జిబిషన్‌లో ఎవరి చేతిలోనైనా ఇలా ఊడితే పరువు పోయేది నాకు, బాగుందని చెప్పింది నేను. చూడు, చివరి కుట్టు ఇలా రెండుసార్లు తిప్పి లోపలికి లాగాలి. చూస్తున్నావా?"

ఆమె చేతుల్లోని ఆ ఒక్క బిగింపే ఆమె కూడు. దాన్ని బస్టాండులో, నా ముందు, విప్పి చూపించింది. శాంతమ్మ గారు కళ్ళు తుడుచుకుని చేసింది. దీనమణి లాగింది, ఊడింది. మళ్ళీ చేసింది, మళ్ళీ ఊడింది. నేను బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని చూసేసరికి, మూడోసారి అతికిన దాన్ని దీనమణి గట్టిగా లాగి చూస్తోంది.